సీమ నేలకు ఎర్త్ గుంత చాలదు

కర్నూలులోనో కడపలోనో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లను కరెంటు పని సంగతి అడిగి చూడండి. ‘ఎర్త్ గుంత తీయించినాం, ఉప్పూ బొగ్గూ పోసినాం, ఎంసీబీలు ఏసినాం. ఇంకేం భయమప్పా!’ అంటారు. ఏసీకి, గీజర్‌కి, బోరు మోటారుకి విడివిడిగా లైన్లు లాగించి, లావు తీగలు వేయించేవాళ్లూ పెరిగారు. అంతవరకు మెచ్చుకోవలసిందే. కానీ ఈ ధీమాకు ఆధారమే వట్టిది. ఎంసీబీ కాపాడేది తీగను, మనిషిని కాదు. గుంత మనిషిని కాపాడాలంటే నేలలో తడి ఉండాలి. సీమలో కరువైనదే అది.

కూలర్‌నే తీసుకుందాం. కోస్తా ఉక్కపోతలో కూలర్ పెద్దగా పనిచేయదు. గాలి పొడిగా ఉండే సీమలో మాత్రం అదే పేదవాడి ఏసీ. రేకు డబ్బా, అడుగున నీళ్లు, ఆ నీళ్లలో మునిగిన చిన్న పంపు. మే నెలలో ఒకరోజు పంపు తీగ తొడుగు చిట్లి ఫేజు రేకుకు తగిలిందనుకోండి. ఆ కరెంటు ఎర్త్ తీగ వెంట గుంతలోకి దిగి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి న్యూట్రల్‌కు చేరాలి. గుంత నిరోధం 40 ఓములుంటే పారేది 230ని 40తో భాగిస్తే వచ్చినంత, అంటే ఆరు ఆంపియర్ల లోపే. ఇస్త్రీపెట్టె పెట్టినా నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఈ రెండింటికీ తేడా ఏం తెలుస్తుంది? సి రకం ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. కాబట్టి అది పడదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ ఎంత బాగున్నా, కూలర్ రేకు మీద రెండు వందల వోల్టులకు పైగా అట్లాగే నిలబడి ఉంటుంది.

అంతటితో ఆగదు. ఇంట్లోని మూడో పిన్నులన్నీ కలిసేది ఆ ఒక్క ఎర్త్ తీగకే. కూలర్‌లోని జబ్బు ఆ తీగ వెంబడి ఫ్రిజ్ తలుపుకు, గీజర్ డొక్కుకు, వాషింగ్ మెషిన్‌కు పాకుతుంది. ఏ లోపమూ లేని ఫ్రిజ్ జిల్లుమనిపిస్తే దాన్నే మెకానిక్ దగ్గరికి మోసుకుపోవడం మనవాళ్లకు అలవాటు. బేతంచెర్ల బండల మీద నీళ్లు ఒలికి ఉన్నప్పుడు, వట్టి కాళ్లతో నిలబడి బిందెతో కూలర్‌లో నీళ్లు పోసే మనిషికి జిల్లుమనడంతో పోదు. ప్రతి ఎండాకాలం పేపర్లో జిల్లా పేజీ చదివేవాళ్లకు ఆ తర్వాత వాక్యం నేను చెప్పనక్కర్లేదు.

గుంతకు 40 ఓములెందుకుంటాయని ఇంజనీర్లే అడగవచ్చు. నాలుగడుగులు తవ్వితే బండ తగిలే ఊళ్లు మనవి. గరుసు నేలలో తడి నిలవదు. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కరెంటుకు మంచి దారే. ఎండాకాలం అది చేయి పట్టేంత నెర్రెలిచ్చి పైపును వదిలేస్తుంది. గుంత తీసేది ఇల్లు కట్టే రోజుల్లో, గోడలకు నీళ్లు కొడుతూ నేల నాని ఉన్నప్పుడు. అప్పుడు బల్బు పెట్టి ‘చూడు సార్, ఎట్ల వెలుగుతాందో’ అని చూపిస్తారు. 60 వాట్ల బల్బు లాగేది పావు ఆంపియర్‌కు కాస్త ఎక్కువ. అది వెలిగినంత మాత్రాన గుంత మంచిదని కాదు. తర్వాత దాని మీద టైల్స్ పరిచేస్తారు, మరి దాని ముఖం చూసేవాడుండడు. ఇదే సీమలో ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం ఉంది, ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అలాంటి చోట్ల ఎర్త్‌ను మీటరు పెట్టి కొలుస్తారు. సబ్‌స్టేషన్లలో ఎండాకాలం గుంతలకు నీళ్లు పోయడం రోజువారీ పని. చదువుకున్న ఇంజనీర్లు నమ్మని గుంతను ఇంటాయన కళ్లు మూసుకుని నమ్ముతున్నాడు.

కావలసింది ఆర్‌సీసీబీ. మన ఎలక్ట్రీషియన్లు ఇంకా ఈఎల్‌సీబీ అనే అంటారు. ఫేజులో పోయినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని మాత్రమే అది చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సరఫరా కోసేస్తుంది. తేడా దానికి అయిదు రెట్లుంటే 0.04 సెకన్లు చాలు. గుంత 100 ఓములున్నా కారేది రెండు వేల మిల్లీ ఆంపియర్లకు పైమాటే కాబట్టి, ఎంసీబీ చూడలేనిది దీనికి కొండంతగా కనబడుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఇళ్లకు ఈ 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ ఉంది. మీటరు పెట్టేటప్పుడు అది ఉందా అని ఎందరు చూస్తారో పాఠకులకే తెలుసు.

దీని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు, ‘ఊరికే పడిపోతాంటాది సామీ, తీసేయి’ అని. ఊరికే పడదు. గీజర్ రాడ్డు చెమ్మ పట్టి ఉంటుంది, లేదా రెండు లైన్ల న్యూట్రల్‌లు బోర్డులో కలిసిపోయి ఉంటాయి. ఇన్వర్టర్ బిగించినవాడు న్యూట్రల్‌ను విడదీయని ఇళ్లలో ఈ గోల మరీ ఎక్కువ. లోపం వెతకాలంటే ఒక పూట పడుతుంది. పరికరం పీకేయడానికి పది నిమిషాలు చాలు. పీకేసి పోయినవాడే మంచి పనివాడని పేరు తెచ్చుకుంటాడు. ఎంసీబీ పడితే 16 తీసి 32 పెట్టేదీ, ఫ్యూజులో రాగి పోగులు నాలుగు చుట్టేదీ ఈ బాపతే. పెళ్లికి మిద్దె మీద వెయ్యి వాట్ల ఫోకస్ లైట్లు నాలుగు ఒకే బాక్స్‌కు తగిలిస్తే 17 ఆంపియర్లు దాటుతుంది. పీవీసీ తీగ సామర్థ్యాన్ని 30 డిగ్రీల లెక్కన చెప్పి ఉంటే, 45 డిగ్రీల ఎండలో అందులో అయిదో వంతు పోయినట్టే. స్లాబు లోపలి పైపులో ఇంకా కాగుతుంది.

వీటన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఇంకొకటి. ‘ఎర్త్ లేదా? న్యూట్రల్‌నే మూడో పిన్నుకు కలిపేయి, అయిపాయె’ అనే సలహా. సాకెట్లో అట్లా కలిపిన ఇంట్లో, స్తంభం దగ్గర న్యూట్రల్ జాయింటు ఊడిందా, వెలుగుతున్న బల్బు గుండా ఫేజు నేరుగా వచ్చి ఫ్రిజ్ రేకు మీద కూర్చుంటుంది. పైగా ఇట్లా కలిపిన రేకు ఎక్కడైనా నేలకు తగిలితే ఆర్‌సీసీబీ నిలవదు, పడిపోతుంది. దానికి చెడ్డపేరు రావడంలో ఈ సలహాదారుల వాటా తక్కువేం కాదు.

పాత మిద్దెల్లో మూడో తీగే లేదు, మాకెందుకంటారు కొందరు. మూడో తీగ లేని ఇంటికే ఇది ముందు కావాలి. అక్కడ కరెంటు కారేది మనిషి ముట్టుకున్నాకే అయినా, కోసేసే పని అది చేస్తుంది. ఖరీదు రెండు మూడు వేలు, హాల్లో ఫాల్స్ సీలింగ్ చుట్టూ తిప్పే లైట్ల పట్టీ కంటే తక్కువ. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండు చేతులతో పట్టుకున్నవాణ్ని అది కాపాడలేదు, తీగ వేడెక్కినా పట్టించుకోదు, అందుకని ఎంసీబీ ఉండాల్సిందే. దాని మీద టి అని ఒక బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కితే టప్పున పడాలి. పడకపోతే మార్చాలి. ఊరికి పోయినప్పుడు అది పడి ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతాయని దిగులుపడేవాళ్లు, ఫ్రిజ్ లైనుకు వేరే ఆర్‌సీసీబీ పెట్టించుకోవచ్చు.