పూనాపట్టణపు పంతులమ్మ

జనవరి 3వ తేదీని మహిళా ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపవలెనని తెలంగాణ ప్రభుత్వమువారు 2025వ సంవత్సరమున ఉత్తరువు చేసిరి. అది సావిత్రీబాయి ఫూలే జన్మదినము. ఆమె బడి పెట్టిన సంగతి మన సోదరీమణులలో పెక్కండ్రు వినియే యుందురు. ఆమె యొక బిడ్డకు తల్లియైన తీరు మాత్ర మంతగా ప్రచారములో లేదు. కావున ఈ మాసము ఆ కథనే ముఖ్యముగా చెప్పదలంచితిమి.

ఆమె 1831లో సతారా ప్రాంతమున నాయగావ్ అను పల్లెలో, మాలీకులమున జన్మించెను. తొమ్మిదవయేట పదుమూడేండ్ల జ్యోతిరావుతో వివాహమయ్యెను. అప్పటి కామెకు అక్షరము రాదు. భర్తయే చదువు చెప్పెను. భర్త భార్యకు చదువు చెప్పుట మన యిండ్లలోను గలదు. ఆ చదువు వంటయింటి గడప దాటుటయే యరుదు. సావిత్రీబాయి చదువు దాటెను. 1848లో పూనాలో భిడేవారి వాడయందు దంపతులు బాలికలకు పాఠశాల తెఱచిరి. మన వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినది 1874లో. పూనాబడి దానికి ఇరువదియాఱేండ్లు పెద్దది.

బడికి పోవు త్రోవలో ఆమెపై పేడయు మన్నును చల్లెడివారు. ఆమె వేఱొక చీర వెంట తీసికొనిపోయి, బడి చేరినపిదప మలినమైనదానిని విడిచి, శుభ్రమైనది కట్టుకొని పాఠము మొదలిడెడిది. దినదినమును రెండు చీర లుతుకుకొను శ్రమ యెట్టిదో మన చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1849లో మామగారు లోకమునకు వెఱచి కొడుకును కోడలిని ఇల్లు వెడలించిరి.

1856లో జబ్బుపడి పుట్టింట నున్నప్పుడు ఆమె భర్తకు వ్రాసిన యుత్తరము మిగిలియున్నది. అంటరానివారికి చదువు చెప్పి కులమునకు అప్రతిష్ఠ తెచ్చితిరని సోదరుడు నిందించెనట. ఆవును మేకను ముద్దాడుదువు, నాగపంచమినాడు పామునకు పాలు పోయుదువు, నీవంటి మనుష్యుని ముట్టనందువేమని ఆమె తిరుగ నడిగెను. తల్లి ప్రక్కన నుండి విని, కూతురిని మెచ్చుకొనెను. అత్తింట మాట పడుటకంటె పుట్టింట పడుట కష్టము. అందుచేతనే ఆమె వ్రాతలన్నిటిలో ఈ యుత్తరము మాకు మిక్కిలి యిష్టము.

ఆ దంపతులకు సంతానము కలుగలేదు. అట్టి స్త్రీని లోక మేమని పిలుచునో, శుభకార్యములయం దెక్కడ నిలుపునో మన మెఱుగుదుము. 1863లో వా రిరువురును విధవలకై యొక ప్రసూతిగృహము పెట్టిరి. బాల్యముననే భర్తను పోగొట్టుకొని, పునర్వివాహము లేక, ఒక్కొక్కప్పు డింటివారిచేతనే చెఱుపబడి గర్భవతులైన విధవలకు శిశువును చంపుటయో, తాము నూతిలో పడుటయో తప్ప వేఱు త్రోవ కానరాని దినము లవి. రహస్యముగా వచ్చి సుఖముగా ప్రసవింపుడు, బిడ్డను తీసికొనిపోయినను విడిచిపోయినను మీ యిష్టమని ఊరిలో ప్రకటన లంటించిరి. భారతమున కుంతి తన బిడ్డను పెట్టెలో నుంచి యేటిలో విడిచిన ఘట్టము చదివి మనము కంటతడి పెట్టుదుము. పొరుగింటి విధవకే ఆ యాపద వచ్చినచో తలుపు మూయుదుము. సావిత్రీబాయి తలుపు తెఱచియుంచెను. అక్కడ నొక బ్రాహ్మణవితంతువు కనిన మగశిశువును 1874 ప్రాంతమున తమ బిడ్డగా గైకొని, యశ్వంతుడని పేరిడిరి.

పెంచుట యొక యెత్తు, పెండ్లి యొక యెత్తు. విధవకు పుట్టినవానికి పిల్లనిచ్చుటకు అందఱును జంకిరి. తుదకు 1889లో ససానేవారి పిల్ల రాధతో వివాహము కుదిరెను. కాబోవు కోడలిని పెండ్లికి ముందే తన యింటికి రప్పించుకొని, ఆదరించి, పిల్లలకు పరస్పరము పరిచయము కలుగనిచ్చిన యత్తగా రామె. ఆ కాలమున అట్టి యత్తలు మఱి యెందఱుండిరో!

మఱుసటి యేడు, 1890లో, జ్యోతిరావు మరణించెను. పెంచుకొన్న కొడుకునకు ఉత్తరక్రియలం దధికారము లేదని జ్ఞాతులు శవము కడనే తగవు పెట్టిరి. శాస్త్రచర్చకు మేము దిగము. ఆమెయు దిగలేదు. నిప్పుకుండ తానే చేతబట్టి ముందు నడచి, చితి ముట్టించెను.

యశ్వంతుడు వైద్యుడయ్యెను. 1897లో పూనాను ప్లేగు చుట్టుకొనగా ఊరివెలుపల చికిత్సాలయము తెఱచెను. రోగులను వెదకి తెచ్చు పని తల్లి పైకొనెను. అప్పటి కామెకు అరువదియాఱేండ్లు. పాండురంగ గాయక్వాడను మహారుబాలుడు ముంఢవాలో జ్వరముతో పడియున్నాడని విని పోయి, వానిని వీపున మోసికొని కొడుకు కడకు తెచ్చెను. ఆ జాడ్యమే యామెకు సోకెను. మార్చి 10వ తేదీని ఆమె కన్ను మూసెను. పిల్లవాడు బ్రతికెను.