మిర్చిని ఏడాది దాచగలిగేదెవరు?

పెరట్లో నాలుగు మిరప మొక్కలున్న ఏ ఇల్లాలినైనా అడగండి, కాయ విరగకాసినప్పుడు ఏం చేయాలో చెబుతుంది. పండుకాయను ఉప్పు, చింతపండు వేసి తొక్కి జాడీకెత్తుతుంది. పచ్చికాయను చీల్చి మజ్జిగలో ఊరేసి, ఎండబెట్టి ఊరమిరపకాయలు చేస్తుంది. ఫ్రిజ్‌ వచ్చాక ఈ రెండింటికీ మూడోది తోడైంది. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, తొడిమలు తీసి, పళ్లెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టిస్తారు. గట్టిపడ్డాక గాలి లేకుండా కవర్లో కట్టి పెడతారు. మైనస్‌ 18 డిగ్రీల చలి ఉంటే చాలా నెలలు చెడవు. బయటికి తీస్తే మెత్తబడతాయి కాబట్టి బజ్జీలకు పనికిరావు. పప్పులోకి, కూరలోకి, రోటి పచ్చడికి మాత్రం కారం ఏమీ తగ్గదు. చలికాలంలో చవగ్గా దొరికిన కాయ మండు వేసవిలో వంటకొస్తుంది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మిర్చి మార్కెట్‌ గుట్టు మొత్తం ఇందులోనే ఉంది. కాయ రెండు మూడు నెలలే వస్తుంది, జనం పన్నెండు నెలలూ తింటారు. ఈ మధ్య కాలం సరుకును ఎవరు దాచగలరో ధర వారి చేతిలో ఉంటుంది. రెండు కిలోల కాయను ఏడాది దాచుకునే తెలివి రైతు ఇంట్లో తరతరాలుగా ఉంది. అదే రైతు నలభై క్వింటాళ్లు పండించి నాలుగు నెలలు ఎందుకు ఆపుకోలేకపోతున్నాడు? ఈ నెల సంపాదకీయంలో మేము చర్చించదలచింది ఈ ప్రశ్ననే.

ముందు పచ్చిమిర్చి సంగతి చూద్దాం. కోసిన కాయ నాలుగైదు రోజుల్లో వడలిపోతుంది. ఊరందరికీ ఒకేసారి కాపొచ్చిన వారం ధర పడిపోతుంది. కోత కూలి, సంచి, ఆటో కిరాయి కూడా రాని రోజున రైతు కాయను చెట్టుకే వదిలేస్తాడు. అది తిండి పనికిరాక కాదు, దాచే చోటు లేక. బఠానీని పెద్ద ఎత్తున గడ్డకట్టించి ఏడాదంతా ప్యాకెట్లలో అమ్ముతున్నారు. విపరీతమైన చల్లగాలిలో గింజ గింజనూ విడిగా గడ్డకట్టించే ఆ యంత్రంలో పచ్చిమిర్చీ వేయొచ్చు, క్యాప్సికమూ వేయొచ్చు. అలాంటి యంత్రం మండలానికొక సహకార సంఘం చేతిలో ఉంటే చెట్టుకు వదిలేసే కాయ తగ్గుతుంది.

డబ్బు లేదని పాలకులు చెప్పలేరు. 2020లో లక్ష కోట్ల వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి ప్రకటించారు. 2 కోట్ల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉందన్నారు. అదే ఏడాది చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పథకం తెచ్చారు. పథకం కాగితం మీద ఉంది. అయితే హామీ చూపగలిగినవాడి దగ్గరికే బ్యాంకు వెళుతుంది. హామీ లేని రైతుకు, కౌలు రైతుకు ఆ గడప ఎక్కే దారే కనపడదు.

ఇక మన ప్రాంతంలో పెద్ద పంట ఎండుమిర్చి. దీన్ని గడ్డకట్టించే పని లేదు. బాగా ఎండబెట్టి చల్లగా, చీకటిగా, చెమ్మ తగలకుండా ఉంచితే చాలు. బయట వదిలేస్తే వేసవి వేడికి రంగు వెలుస్తుంది, వానలు పడగానే బూజు పడుతుంది. రంగు పోయిన కాయకు ధర సగం పోయినట్టే. అందుకే గుంటూరు చుట్టూ వందకు పైగా కోల్డ్‌ స్టోరేజీలు లేచాయి. ఖమ్మం, వరంగల్‌ మార్కెట్ల దగ్గర కూడా కట్టారు. అంటే దాచే చోటు ఉంది. మరి రైతుకు ఒరిగిందేమిటి?

ఒక లెక్క వేసి చూద్దాం. ధరలు ఏటా మారతాయి కనుక ఈ అంకెలు కేవలం ఉదాహరణకు. ఒక రైతు 40 కిలోల టిక్కీలు 100, అంటే 40 క్వింటాళ్లు కోల్డ్‌ స్టోరేజీలో పెట్టాడనుకుందాం. అతని నెత్తిన నూటికి 2 రూపాయల వడ్డీతో 4 లక్షల అప్పు ఉంది. నెలకు వడ్డీ 8 వేలు, ఆరు నెలలకు 48 వేలు. టిక్కీకి 200 చొప్పున అద్దె 20 వేలు. మొత్తం 68 వేలు. అంటే ఆరు నెలల్లో క్వింటాల్‌కు 1,700 రూపాయలు పెరిగితే అతని లాభం సున్నా. అంతకన్నా తక్కువ పెరిగితే దాచి నష్టపోయినట్టు.

అదే సరుకును 7 శాతం వడ్డీకి బ్యాంకు డబ్బు దొరికినవాడు పెట్టాడనుకోండి. ఆరు నెలల వడ్డీ 14 వేలు, అద్దె 20 వేలు, మొత్తం 34 వేలు. క్వింటాల్‌కు 850 రూపాయలు. ఒకే గది, ఒకే చలి, ఒకే కాయ. రైతుకు పడే ఖర్చులో సరిగ్గా సగం. మార్కెట్‌ రైతు మీద ఎందుకు గెలుస్తుందో ఇంతకన్నా వివరంగా చెప్పనక్కర్లేదు.

పైగా చాలామందికి దాచుకునే అవకాశమే ఉండదు. మందులు, ఎరువులు అప్పిచ్చినవాడు కళ్లం దగ్గరే నిలబడతాడు. కోత కూలీలకు వారం వారం డబ్బివ్వాలి. కౌలు కట్టాలి. వేసవి సెలవులకు యార్డు మూసేలోపు సరుకు వదిలించుకోవాలన్న తొందర వేరే. రైతు అమ్మిన కాయే అదే కోల్డ్‌ స్టోరేజీలోకి వ్యాపారి పేరుతో వెళుతుంది.

గతాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. 2017లో మిర్చి ధర కుప్పకూలింది. ఆ ఏప్రిల్‌లో ఖమ్మం మార్కెట్‌లో రైతుల కోపం కట్టలు తెంచుకుంది. ధర అడిగినవారి మీద కేసులు పెట్టి, చేతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చిన దృశ్యం దేశమంతా చూసింది. పంట అమ్ముకునే రోజులు చాలావరకు దాటాక కేంద్రం మార్కెట్‌ జోక్యం పథకం కింద క్వింటాల్‌కు 5 వేలు ప్రకటించింది. 2021-22లో నల్ల తామర పురుగు తోటలకు తోటలు నాశనం చేసింది. ఆ తర్వాత ధర బాగా పెరిగింది. అప్పటికి రైతు దగ్గర సరుకేది? 2025 ఫిబ్రవరిలో మళ్లీ ధర పడింది. కేంద్రం ఆంధ్రప్రదేశ్‌లో 2.58 లక్షల టన్నుల వరకు, క్వింటాల్‌కు 11,781 రూపాయల చొప్పున జోక్యం చేసుకుంటామన్నది. ఇది కూడా కోతలు సాగుతుండగా, రైతులు యార్డు ముందు ఆందోళన చేశాక వచ్చిన ప్రకటనే.

మిర్చికి కనీస మద్దతు ధర లేదు. ఆ జాబితాలోనే లేదు. స్వామినాథన్‌ కమిషన్‌ చెప్పిన సీ2 ఖర్చుపై 50 శాతం కలిపిన ధర మిర్చికీ చట్టబద్ధం కావాలన్న మా డిమాండ్‌లో మార్పు లేదు. అయితే ఆ పోరాటం గెలిచేదాకా రైతు అమ్మకాన్ని నాలుగు నెలలు వాయిదా వేసుకునే శక్తి అతని చేతికి రావాలి. అందుకు మేము నాలుగు విషయాలు అడుగుతున్నాం.

ఒకటి, సరుకు మీద రుణం. 2007 గిడ్డంగుల చట్టం ప్రకారం నమోదైన గిడ్డంగి ఇచ్చే రశీదును బ్యాంకులో తాకట్టు పెట్టొచ్చు. కిసాన్‌ క్రెడిట్‌ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతులకు ఆ రశీదు మీద ఆరు నెలల వరకు రాయితీ వడ్డీ రుణం ఇవ్వాలని నిబంధన కూడా ఉంది. మిర్చి దాచే ప్రతి కోల్డ్‌ స్టోరేజీ ఆ నమోదులోకి రావాలి. బ్యాంకు మనిషి యార్డులోనే కూర్చోవాలి. సరుకు దించిన రోజే రైతు ఖాతాలో డబ్బు పడాలి.

రెండు, ఆ రశీదు పండించినవాడి పేరుతోనే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు రైతులకు సాగు హక్కు పత్రం ఇస్తున్నారు. ఆ పత్రం చూపిన కౌలు రైతుకు భూయజమాని సంతకం అడగకుండా తాకట్టు రుణం ఇవ్వాలి. తెలంగాణలో కూడా కౌలు రైతుకు అలాంటి గుర్తింపు కావాలి.

మూడు, కోల్డ్‌ స్టోరేజీలకు గట్టి చట్టం. బంగాళాదుంప పండే పశ్చిమ బెంగాల్‌లో 1966 నుంచి, ఉత్తరప్రదేశ్‌లో 1976 నుంచి ప్రత్యేక చట్టాలున్నాయి. మిర్చి రైతుకూ అలాంటి రక్షణ కావాలి. అద్దె ఎంతో సీజన్‌కు ముందే ప్రకటించాలి. గుంటూరు జిల్లాలో కోల్డ్‌ స్టోరేజీలు తగలబడిన ఘటనలు ఒకటి కాదు. మంటల్లో కాలిన సరుకుకు ఏ రోజు ధర ప్రకారం, ఎన్ని రోజుల్లో పరిహారం ఇస్తారో చట్టంలోనే రాయాలి. బీమా కాగితం రైతు చేతికి ఇవ్వాలి.

నాలుగు, మార్కెట్‌ జోక్యం ధరను మొదటి కోతకు ముందే ప్రకటించాలి. నీళ్లు పోవాల్సినంత పోయాక కట్ట వేస్తే ఏం లాభం?

ఈ డిమాండ్లు సాధించేలోపు మనం చేయాల్సిన పని కూడా ఉంది. కాయను మట్టి మీద కాక పట్టాల మీద ఎండబెడదాం. రాత్రి మంచు పడకుండా కప్పుదాం. తేమ 10, 11 శాతానికి దిగాకే టిక్కీ కడదాం. తూకం పెరుగుతుందని ఎవరైనా నీళ్లు చల్లమంటే వినొద్దు. ఆ తడే లోపల బూజై మొత్తం లాటును ముంచుతుంది. తాలుకాయ వేరు చేసి పెడదాం. కోల్డ్‌ స్టోరేజీలో దించేటప్పుడు లాట్‌ నంబరు, తూకం, రకం, తేదీ ఉన్న రశీదు తీసుకుందాం. ఆ రశీదును ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచుదాం. బీమా ఉందా లేదా అడగకుండా బస్తా దించొద్దు.

ప్రతి గ్రామ కమిటీ ఈ సీజన్‌లో ఒక పుస్తకం తెరవాలని కోరుతున్నాం. ఎవరెన్ని టిక్కీలు పండించారు, ఎన్ని కళ్లంలో అమ్మారు, ఎన్ని దాచారు, ఎంత వడ్డీ కట్టారు అన్నవి రాయండి. అధికారుల ముందు కూర్చున్నప్పుడు మన దగ్గర మన లెక్క ఉండాలి. పైన మేము వేసిన ఉదాహరణ స్థానంలో మీ ఊరి అసలు అంకెలు రావాలి.

జాడీలో తొక్కు పెట్టే అమ్మకు ఎవరూ తొందర పెట్టరు. ఎప్పుడు మూత తీయాలో ఆమే నిర్ణయిస్తుంది. నలభై క్వింటాళ్లు పండించిన రైతుకు కూడా ఆ మాత్రం హక్కు కావాలి. తన సరుకు తలుపు ఎప్పుడు తెరవాలో అప్పిచ్చినవాడు కాదు, రైతే చెప్పాలి. దానికోసం కలిసి కదులుదాం.