పీపాలో మాగిన ఏల్, సీసాపై 'స్ట్రాంగ్' ముద్ర

సరిహద్దు పల్లెలలో బీరు కొనేవారు ముందుగా చూసేది సీసాపై 'స్ట్రాంగ్' అన్న మాట ఉందా లేదా అన్నదే. తయారీదారు పేరు ఆ తరువాత, రుచి ఇంకా తరువాత. కోలారైనా, హోసూరైనా, బళ్లారైనా, యానామైనా దుకాణంలో మారేది ధరే తప్ప ఆ మాటకున్న ఆకర్షణ కాదు. దేశంలో అమ్ముడుపోయే బీరులో అత్యధిక భాగం ఈ రకానిదే. కాగా బెంగళూరుకో, అమెరికాకో ఉద్యోగాలకు వెళ్లిన యువతకు మరో రకం 'స్ట్రాంగ్' పరిచయమవుతున్నది. అది విస్కీ పీపాలో నెలల తరబడి మాగబెట్టిన ఏల్. దానిని తాగడం అనరు, రుచి చూడడం అంటారు. రెండింటి ధర వేరు, మర్యాద వేరు, తాగే తీరు వేరు. ఒంట్లోకి చేరే ఆల్కహాలు మాత్రం ఒక్కటే.

ఈ రెండో రకానికి ప్రసిద్ధ ఉదాహరణ షికాగో నగరానికి చెందిన గూస్ ఐలాండ్ సంస్థ తయారుచేసే 'బర్బన్ కౌంటీ స్టౌట్'. స్టౌట్ అంటే బాగా మాడ్చిన బార్లీతో కాచే నల్లని ఏల్. 1990వ దశకంలో ఆ సంస్థ ప్రధాన తయారీదారు గ్రెగ్ హాల్ దీనిని రూపొందించారు. ఇందుకు తోడ్పడినది అమెరికాలోని ఒక చట్టం. బర్బన్ విస్కీని లోపలి వైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలలోనే నిల్వ చేయాలని అక్కడి నిబంధన. ఒకసారి వాడిన పీపా బర్బన్‌కు మళ్లీ పనికిరాదు. సుమారు 200 లీటర్లు పట్టే ఆ పీపాల కర్రలో ఇంకిన విస్కీ ఇంకిపోయే ఉంటుంది. అందులో చిక్కని ఏల్‌ను పోసి దాదాపు ఏడాది పాటు ఉంచుతారు. ఎండకు పీపా కర్ర ఉబ్బి ఏల్‌ను పీల్చుకుంటుంది, చలికి కుంచించుకొని వెలుపలికి వదులుతుంది. కర్రలోని పదార్థాలు వేడికి విడివడి వెనిల్లా, కొబ్బరి వాసనలను ఇస్తాయి. చివరకు ఆల్కహాలు 13 నుంచి 15 శాతం దాకా చేరుతుంది.

రుచి చూసేవారు దీనిని మంచులో పెట్టరు. చల్లదనం నాలుకను మొద్దుబారుస్తుంది, వాసనను అణచివేస్తుంది. మట్టికుండలోని నీటికంటే కొంచెం చల్లగా ఉన్నప్పుడు, మూతి ముడుచుకున్న చిన్న గాజు పాత్రలో నాలుగైదు గుటకలకు సరిపడా మాత్రమే పోస్తారు. రంగు నల్లన, నురుగు గోధుమ వన్నె. బలం ఎక్కువైన కొద్దీ నురుగు త్వరగా కూలిపోతుంది కనుక అది లోపం కాదు. పాత్రను అరచేతిలో పట్టుకుని వేడెక్కనిస్తూ వాసన చూస్తారు. ముదురు బెల్లపు పాకం, మాడిన కాఫీగింజ, ఎండు ద్రాక్ష, వెనుకగా కర్ర పొగ తెలుస్తాయి. మొదటి గుటకలో తీపి, తరువాత చేదు, ఆ పిమ్మట గుండెలో వెచ్చదనం. ఆ వెచ్చదనం మంటగా మారితే తయారీలో తొందరపడ్డారన్నమాట. గోళ్ల రంగు వాసన వచ్చినా, తడిసిన అట్టముక్క రుచి తగిలినా మార్కులు తగ్గుతాయి. వైన్ పరీక్షకులు నోట్లో పుక్కిలించి ఉమ్మివేస్తారు గాని, బీరు పరీక్షకులు సాధారణంగా మింగుతారు. చేదు గొంతు వెనుక తెలుస్తుందన్నది వారి వాదన. అందుకే పరిమాణం తక్కువ. ఒక సీసాను నలుగురైదుగురు పంచుకోవడం అక్కడి ఆనవాయితీ.

కాలం ఎప్పుడూ మేలే చేస్తుందని చెప్పలేము. తాటిచెట్టు కింద పొద్దున తీయగా ఉన్న కల్లు సాయంత్రానికి పులిసిపోవడం ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. 2015లో బర్బన్ కౌంటీ స్టౌట్ సీసాలు కొన్ని అదే విధంగా పులిశాయి. పీపా కర్రలో దాగిన లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవి, అంత ఆల్కహాలులోనూ బతికి, ఏల్‌ను పాడుచేసింది. సంస్థ కొనుగోలుదారులకు డబ్బు తిరిగి ఇచ్చింది. 2016 నుంచి సీసాలలో నింపే ముందు క్షణకాలం వేడిచేసి సూక్ష్మజీవులను చంపే పద్ధతిని అనుసరిస్తున్నది. ఖరీదైన సీసాలో పులుపును పట్టుకున్నది కూడా వినియోగదారుల నాలుకలే. రుచి చూడడంలో అసలు ప్రయోజనం అదే.

ఇక్కడే కథ మన వైపు మళ్లుతుంది. గూస్ ఐలాండ్‌ను 2011లో ఆన్‌హైజర్ బుష్ 3 కోట్ల 88 లక్షల డాలర్లకు కొన్నది. దాని మాతృసంస్థ ఏబీ ఇన్‌బెవ్ 2016లో శాబ్‌మిల్లర్‌ను కలుపుకోవడంతో హేవర్డ్స్ 5000, నాకౌట్ వంటి స్ట్రాంగ్ బీర్లు, తెలంగాణలోని సంగారెడ్డి వంటి చోట్ల ఉన్న కర్మాగారాలు దాని చేతికి వచ్చాయి. అంటే ఒకే వ్యాపార సంస్థ ఒక దేశంలో బలాన్ని రుచిగా, మరొక దేశంలో బలాన్ని మత్తుగా అమ్ముతున్నది. ఇందులో మోసమేమీ లేదు. కొనేవాడి జేబును, ఆ ఊరి పన్నును చూసి సరుకును అమర్చడం వ్యాపార లక్షణం.

మన స్ట్రాంగ్ బీరు తయారీలో మాల్ట్‌తో పాటు బియ్యమో, చక్కెరో కలపడం సాధారణం. ఆల్కహాలు పెరుగుతుంది, చిక్కదనం పెరగదు. గడ్డకట్టేంత చల్లబరచి గబగబా తాగుతారు కనుక దాని బలం నోటికి తెలియదు. పీపా ఏల్ తన బలాన్ని మొదటి గుటకలోనే చాటుతుంది. స్ట్రాంగ్ బీరు దానిని దాచుకొని, తాగినవాడు లేచి నిలబడినప్పుడు చెబుతుంది.

అయితే నాగరికంగా తాగేది నిరపాయమన్న భ్రమ కూడా కూడదు. లెక్క చాలా సులభం. సీసాపై ఉన్న మిల్లీలీటర్లను శాతంతో గుణిస్తే అసలు ఆల్కహాలు తేలుతుంది. 8 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 52 మిల్లీలీటర్లు, అంటే సుమారు 41 గ్రాములు. 42.8 శాతం ఉన్న 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 61 గ్రాములు. 14 శాతం ఉన్న అర లీటరు పీపా ఏల్‌లో 55 గ్రాములు! ఐదుగురు పంచుకుంటే తలకు 11 గ్రాములు. ఒక్కడే 'రుచి చూస్తూ' సీసాను ముగిస్తే క్వార్టర్‌కు దాదాపు సమానం. బీరే కదా అని బండి తాళం అందుకునే యువకుడికి తెలియవలసిన అంకె ఇది. ఏ మోతాదూ ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. క్యాన్సర్ కారకాలలో ఆల్కహాలు పానీయాలను 1988లోనే చేర్చారు. పీపా ఓక్‌దైనా, సీసా ఎంత ఖరీదైనదైనా ఈ మాట మారదు.

చట్టం ఈ విషయాన్ని ఎలా చూస్తున్నదన్నది మరో ప్రశ్న. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018 నిబంధనల ప్రకారం 5 శాతం దాకా మామూలు బీరు, 5 దాటి 8 శాతం దాకా స్ట్రాంగ్ బీరు. 14 శాతం ఏల్ ఈ నిర్వచనంలో ఇమడదు. వయసు సంగతి మరీ విచిత్రం. యానాంలో, పుదుచ్చేరి చట్టం ప్రకారం, 18 ఏళ్లకే మద్యం కొనవచ్చు. కూతవేటు దూరంలోని ఆంధ్రప్రదేశ్ గ్రామంలో 21 నిండాలి. మహారాష్ట్రలో మామూలు బీరుకు 21, అంతకు మించిన బలానికి 25. శరీరం ఒకటే, సరిహద్దు దాటగానే దాని ఓర్పు మారిపోతుందా?

పన్ను సంగతి ఇంతకంటే కీలకం. లీటరుకు ఇంత అని సుంకం వేస్తే 5 శాతం బీరుకూ 8 శాతం బీరుకూ భారం సమానమవుతుంది. అప్పుడు రూపాయికి ఎక్కువ మత్తు ఇచ్చేదే 'లాభసాటి' సరుకు అవుతుంది. దినకూలీ చేతిలోని సీసాను నిర్ణయించినది రుచి కాదు, ఈ గణితమే. కర్ణాటక 2025 జనవరిలో దీనిని కొంత సవరించింది. మూల సుంకాన్ని 5 శాతం దాకా ఉన్న బీరుకు లీటరుకు 12 రూపాయలుగా, 5 నుంచి 8 శాతం బీరుకు 20 రూపాయలుగా విభజించింది. దిశ సరైనదే, అడుగు మాత్రం చిన్నది. 650 మిల్లీలీటర్ల సీసాపై ఆ తేడా అయిదు రూపాయల చిల్లర. అసలు బరువు అదనపు సుంకానిది. దానిని ఉత్పత్తి వ్యయంపై శాతంగా లెక్కించారు తప్ప ఆల్కహాలును బట్టి కాదు. పైగా బాగా మాల్ట్ వేసి, నెలలు ఆగి కాచిన తక్కువ బలం బీరుకు వ్యయం ఎక్కువ కనుక దానిపైనే పన్ను ఎక్కువ పడింది.

నెల్లూరు జిల్లా స్త్రీలు 1992లో సారాపై తిరగబడినప్పుడు ఈ లెక్కను మరో విధంగా వేశారు. వారు కొలిచినది శాతాలను కాదు, ఇంటికి చేరని కూలిని. ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండోది సడలిపోయింది. కర్ణాటక 2007లో సారాను నిషేధించగా, తాగేవారిలో పలువురు చౌక విస్కీ వైపు మళ్లారు. నిషేధాలు వచ్చినా పోయినా ఖజానా ఆశ తగ్గలేదు. ఆల్కహాలు గ్రాములను బట్టి సుంకం వేసి, సరిహద్దుకు ఇరువైపులా దానిని దగ్గరగా ఉంచితే బలమైన చౌక సీసా కోసం సరిహద్దు దాటే అలవాటు కొంతైనా తగ్గుతుంది. అందుకు ఇరుగుపొరుగు ఆబ్కారీ శాఖలు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. పొరుగు రాష్ట్రంలో ధర పెరిగితే తమ దుకాణంలో అమ్మకం పెరుగుతుందని చూసే శాఖలు అంత తేలికగా కూర్చోవు.