జాడీ పంపితే చీటీ చేరింది!

అద్దె ఇల్లు మారేటప్పుడు ఇనప బీరువా మనతోపాటే వస్తుంది. అదే, ముచ్చటపడి గోడలో కట్టించుకున్న అలమర? ఉన్నచోటే వదిలేసి రావాల్సిందే. కొత్తింట్లో మళ్లీ వడ్రంగి, మళ్లీ ఖర్చు. వెబ్‌సైట్లు తయారుచేసే ప్రోగ్రామర్లకూ ఏళ్ల తరబడి ఇవే తిప్పలు!

బస్సు టికెట్టు బుక్ చేసేటప్పుడు తేదీ గడిలో నొక్కితే బుల్లి క్యాలెండర్ తెరుచుకుంటుంది కదా. బటన్, బొమ్మ, గడి... ఇలాంటివాటికి బ్రౌజర్‌కు ముందే తెలిసిన 'ట్యాగ్'లు ఉన్నాయి. కోరిన హంగులన్నీ ఉన్న క్యాలెండర్ కావాలంటే మాత్రం ప్రోగ్రామరే కూర్చుకోవాలి. ఆ పని తేలిక చేయడానికి వచ్చినవే ఫ్రేమ్‌వర్క్‌లు. 2013లో ఫేస్‌బుక్ అందరికీ ఉచితంగా ఇచ్చిన రియాక్ట్ అలాంటిదే. 2014లో వ్యూ వచ్చింది. చిక్కల్లా ఏంటంటే, రియాక్ట్ కోసం చేసిన క్యాలెండర్ నేరుగా వ్యూలో ఇమడదు. అన్నీ గోడ అలమరలేనన్నమాట!

మరి బీరువా ఏది? దానికి బీజం 2011లోనే పడింది. ఆ ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఫ్రంటీర్స్ సదస్సులో గూగుల్ ఇంజినీరు అలెక్స్ రస్సెల్ 'వెబ్ కాంపోనెంట్స్' ఆలోచనను వివరించారు. ప్రోగ్రామరే ఓ కొత్త ట్యాగ్‌కు పేరు పెట్టి, అదెలా పనిచేయాలో ఒక్కసారి రాసిపెడితే చాలు. బ్రౌజర్ దాన్ని సొంత ట్యాగ్‌లాగే చూసుకుంటుంది. పేరులో చిన్న హైఫన్ గీత మాత్రం తప్పనిసరి. రేపు బ్రౌజర్లలోకి కొత్త ట్యాగ్‌లు వచ్చినా పేర్లు కలిసిపోకుండా ఈ ఏర్పాటు. కావాలంటే 'షాడో డామ్' అనే ప్రహరీగోడ కూడా కట్టుకోవచ్చు. అప్పుడు బయటి పేజీ కోసం రాసిన అలంకరణ సూత్రాలు లోపలి భాగాలను నేరుగా తాకవు. 2018లో ఫైర్‌ఫాక్స్, 2020లో ఎడ్జ్ కూడా ఒప్పుకోవడంతో ప్రధాన బ్రౌజర్లన్నింటిలో వీటికి చోటు దొరికింది.

ఇంకేం, తెచ్చి రియాక్ట్‌లో పెట్టుకుంటే సరి! కానీ అక్కడే పేచీ వచ్చింది. ట్యాగ్‌కు సమాచారం రెండు దారుల్లో అందుతుంది. ఒకటి 'ఆట్రిబ్యూట్'. అది చీటీ లాంటిది, అక్షరాలే పడతాయి. రెండోది 'ప్రాపర్టీ'. అంటే వస్తువునే చేతికివ్వడం. పాత రియాక్ట్ ఈ కొత్త ట్యాగ్‌లకు ఏదైనా చీటీ మీదే రాసి పంపేది. తేదీలూ పేర్లూ జతచేసిన సెలవుల పట్టీని పంపితే, క్యాలెండర్‌కు అందేది 'ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్' అన్న రెండు ముక్కలే. హాస్టల్లో ఉన్న పిల్లాడికి ఆవకాయ జాడీ పంపితే, 'జాడీ' అని రాసిన చీటీ మాత్రమే చేరినట్లు!

తిరుగు కబురుదీ అదే కథ. 'క్లిక్' లాంటి మామూలు సంగతులు రియాక్ట్ చెవిన పడేవి. 'తేదీ మారింది' అంటూ క్యాలెండర్ తన సొంత పేరుతో పంపే కబురు మాత్రం వినపడేది కాదు. దాన్ని వినడానికి ప్రోగ్రామర్ విడిగా ఏర్పాటు చేసుకోవాలి. మరిచిపోయాడా... క్యాలెండర్‌లో 15వ తేదీ కనిపిస్తూనే ఉంటుంది, దరఖాస్తుకు మాత్రం ఆ సంగతే తెలియదు. నష్టం ఎవరికి? టికెట్టు కోసం కూర్చున్నవాళ్లకే.

వ్యూ పద్ధతి వేరు. 'నీ దగ్గర ఈ పేరుతో ప్రాపర్టీ ఉందా?' అని ట్యాగ్‌నే అడుగుతుంది. ఉంటే వస్తువు ఇస్తుంది, లేకపోతే చీటీ రాస్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన రియాక్ట్ 19 కూడా ఈ దారికే వచ్చింది. సొంత పేర్ల కబుర్లనూ వింటోంది. ఒక్క మెలిక మాత్రం మిగిలింది. పేజీని సర్వర్‌లోనే సిద్ధం చేసి పంపేటప్పుడు అందులో చీటీలకే చోటు, జాడీలకు లేదు.

ఒక్క సైటు, ఒక్క ఫ్రేమ్‌వర్క్‌తో సరిపెట్టుకునేవాళ్లకు గోడ అలమరే సుఖం. నాలుగు సైట్లు నాలుగు రకాలుగా నడిపే సంస్థలకు అలా కుదరదు. పైగా ఏ ఫ్రేమ్‌వర్కూ శాశ్వతం కాదు. ఒకప్పుడు వెలుగు వెలిగిన యాంగ్యులర్‌జెఎస్‌కు గూగుల్ 2021 డిసెంబరు 31తో మద్దతు ఆపేసింది. దాన్నే నమ్ముకున్నవాళ్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంటి ఓనరు ఖాళీ చేయమన్న రోజునే కదా, బీరువా విలువ తెలిసేది!