జొన్నలతో తీరిన బాకీ

జహీరాబాద్ పల్లెల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళా సంఘాలు 1990లలోనే సొంత రేషన్ నడిపాయి. బీడు చెలకలను సాగులోకి తెచ్చేందుకు పేద రైతులకు అప్పిచ్చి, బాకీని జొన్నలుగా తీర్చమన్నాయి. ఆ గింజలు ఊళ్లోనే నిల్వ ఉండి, వానాకాలంలో పొయ్యి వెలగని ఇళ్లకు చౌకగా చేరాయి. ఎవరు నిరుపేదో తేల్చింది ఊరివాళ్లే.

ఇక ఈ మహిళలు విత్తనం దాచే తీరు. మట్టితో అలికిన వెదురు బుట్ట, అందులో బూడిద, వేపాకు, నడుమ కొర్రలు, సామలు. ఏటా పాత పంటల జాతరలో అవే ఎడ్లబండ్లెక్కి ఊరూరా తిరుగుతాయి.

2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది, సంతోషం. కానీ బహుమతి ఒక్కటే చాలదు, ఈ మెట్టపొలాల జొన్నలను అక్కడి అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు సర్కారే కొనాలి. వచ్చే వానాకాలం పంటతోనే మొదలుపెట్టాలి.