డాక్టర్ బాబు మొహం మారితే ఒప్పుకుంటామా?

మా అమ్మమ్మ మధిరలో ఒక్కతే ఉంటుంది. కార్తీకదీపం వచ్చే రోజుల్లో రాత్రి ఏడున్నరకి ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. అయిపోయాక తనే చేసి, "ఇప్పుడు చెప్పరా" అనేది.

మొన్న ఊరెళ్తే వేరే సీరియల్ పెట్టుకుని టీవీ మీద విసుక్కుంటోంది. "నిన్నటిదాకా వేరే పిల్ల చేసింది. ఇయ్యాల ఈమె వచ్చి ఆ ఇంటి కోడల్ని నేనే అంటంది. మొగుడికి కూడా అనుమానం రాదేందిరా?"

నవ్వాగలేదు. కానీ అడిగినదాంట్లో పాయింట్ ఉంది కదా!

ఈ గోల మన సీరియళ్లకే కాదు. అమెరికాలో ఏబీసీ ఛానెల్లో 1964 నుంచి 1972 దాకా 'బివిచ్డ్' అని ఒక ఫాంటసీ సిట్‌కామ్ వచ్చింది. సమాంథా అనే మంత్రగత్తె ఓ మామూలు యాడ్ ఏజెన్సీ ఉద్యోగిని పెళ్లి చేసుకుంటుంది. ఆ మొగుడు డారిన్‌గా డిక్ యార్క్ ఐదు సీజన్లు చేశాడు. పాత వెన్ను గాయం బాగా ఇబ్బంది పెట్టడంతో 1969లో తప్పుకున్నాడు. ఆరో సీజన్‌కి డిక్ సార్జెంట్ వచ్చాడు. అదే ఇల్లు, అదే పెళ్లాం, మొహం మాత్రం వేరు. కథలో దానికి ఒక్క ముక్క వివరణ లేదు. మంత్రాలొచ్చిన పెళ్లాం కూడా "ఎవరయ్యా నువ్వు?" అనలేదు.

హిందీలో 'క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ' చూడండి. మిహిర్‌గా అమర్ ఉపాధ్యాయ్, తర్వాత ఇందర్ కుమార్, ఆ తర్వాత రోనిత్ రాయ్. తులసి పాత్రలో కూడా 2007లో స్మృతి ఇరానీ బదులు గౌతమి కపూర్ వచ్చింది. మరుసటి ఏడాదే స్మృతి మళ్లీ వచ్చేసింది.

ఇక మన వంటలక్క సంగతి. కార్తీకదీపానికి మూలం 2014లో ఏషియానెట్‌లో మొదలైన మలయాళ సీరియల్ 'కరుత్తముత్తు'. అందులోనూ హీరోయిన్ ప్రేమి విశ్వనాథే. కొంతకాలానికి ఆ పాత్ర రేణు సౌందర్‌కి వెళ్లింది. అంటే అక్కడ ఆమె ప్లేస్‌లో ఇంకొకరు వచ్చినా బండి ఆగలేదు. అదే ప్రేమి 2017లో స్టార్ మాలో దీపగా వచ్చాక ఏమైందో మీకు తెలుసు.

2022లో దీప, కార్తీక్ యాక్సిడెంట్‌లో చనిపోయినట్టు చూపించి, కథని పెద్దయిన పిల్లల మీదకి తిప్పారు. జనానికి ఎక్కలేదు. అదే ఏడాది ఇద్దరూ బతికే ఉన్నారని వెనక్కి తీసుకొచ్చారు. 2023 జనవరిలో సీరియల్ ముగిసింది. 2024 మార్చిలో కార్తీకదీపం 2 మొదలుపెడితే కథ కొత్తది, జంట మాత్రం మళ్లీ ప్రేమి, నిరుపమ్ పరిటాలే. కథ మార్చినా పర్లేదు, ఆ ఇద్దర్నీ మార్చొద్దని జనం తేల్చేశారన్నమాట.

అలాగని వెళ్లిపోయిన నటీనటుల్ని తిట్టడం కరెక్ట్ కాదు. డైలీ సీరియల్ అంటే ఏళ్ల తరబడి అదే సెట్టు, అదే ఏడుపు. ఒంట్లో బాగోకపోవచ్చు, పెళ్లి కావచ్చు, మంచి ఆఫర్ రావచ్చు. మనం కంపెనీ మారితే ఎవరైనా ఆపుతున్నారా?

కాకపోతే మనం మారేటప్పుడు కొలీగ్స్‌కి ఒక బై చెప్తాం. సీరియల్‌లో అదీ ఉండదు. సోమవారం ఒక మొహం, మంగళవారం ఇంకో మొహం. "ఇన్నాళ్లూ చేసినామెకి థ్యాంక్స్, రేపట్నుంచి ఈమె" అని ఒక నిమిషం చెప్తే పోయేదేముంది? రోజూ అరగంట ఇచ్చే ప్రేక్షకులకి ఆ మాత్రం మర్యాద దక్కాలి.

"నాలుగు రోజుల్లో అలవాటైపోద్దిలే అమ్మమ్మా" అన్నాను.

"ఆ పిల్ల రెండేళ్లు రోజూ మనింటికొచ్చిందిరా. పోయేటప్పుడు చెప్పలేదు" అంది. కాసేపాగి, "నువ్వు సంక్రాంతికొచ్చి మళ్లీ ఇప్పుడేగా కనపడ్డం" అని కూడా అంది.

సాయంత్రం ట్రైన్ ఎక్కాల్సినవాణ్ని, ఆ రాత్రికి మధిరలోనే ఉండిపోయా. కొత్త కోడల్ని ఇద్దరం కలిసే చూశాం. పర్లేదు, బాగానే చేస్తోంది. అమ్మమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

మీ ఇంట్లో ఏ మొహం మారినప్పుడు ఎక్కువ గొడవైంది?