దురదకు ఆకు పసరు సరే, ఆ డబ్బాల ఏమున్నదో ఎవరడగాలె?

ఫోన్‌ల 'తామర' అనో 'గజ్జి' అనో ఒక్కసారి వెతికితే చాలు, ఇగ వారం దినాలు అవే వీడియోలు వెంటవడ్తయి. వేపాకు నూరి రాయుర్రి, నిమ్మకాయ రుద్దుర్రి, వెల్లుల్లి దంచి కట్టు కట్టుర్రి, ఏడు రోజులల్ల మాయమైతది అంటరు. కింద ఒక నంబరుంటది. దానికి పైసలు కొడితే ఇంటికి ఒక డబ్బా వస్తది. డబ్బా మీద ఆకుల బొమ్మ, 'పూర్తిగా మూలికలతో' అన్న మాట. లోపల ఏమేం కలిపిండ్రో, ఎవలు తయారు చేసిండ్రో, లైసెన్సు నంబరు ఏందో ఏమీ ఉండదు.

ముందుగాల పేర్ల గడబిడ తేల్చుకుందాం. మన ఊర్లల్ల దురద పెట్టే ప్రతిదాన్నీ గజ్జి అంటం, లేకుంటే తామర అంటం. కానీ ఇవి మూడు వేరే వేరే రోగాలు. గజ్జి అంటే కంటికి ఆనని పురుగు తోలు కింద బొక్క జేసుకుని ఉండుడు. రాత్రి పూట దురద ఎక్కువైతది, ఇంట్ల ఒకరికొస్తే అందరికీ అంటుకుంటది, మందు కూడా అందరూ ఒకేసారి రాసుకోవాలె. తామర అంటే బూజు జాతిది, గుండ్రంగ అంచు కట్టుకుంట పెరుగుతది. ఎగ్జిమా ఈ రెండూ కాదు. అది అంటురోగమే కాదు. తోలు తన తడిని ఆపుకోలేక ఎండిపోయి, పగిలి, బయటి వస్తువులు తగిలినప్పుడల్లా మండి దురద పెడ్తది. పిల్లలకు మోకాళ్ల వెనక, మోచేతి మడతల్ల, చంటోళ్లకు బుగ్గల మీద వస్తది. పెద్దోళ్లకు ఎక్కువగ చేతులకు. గీ తేడా తెలువకనే సగం నష్టం జరుగుతున్నది. ఎగ్జిమా ఉన్న పిల్లను బడిల పక్కకు కూసోబెట్టుడు, దూరం పెట్టుడు కూడా ఈ గడబిడతోనే.

మరి ఇంటి వైద్యం అంతా బూటకమా అంటే, నేను అట్ల అనను. కొబ్బరినూనె సంగతే చూడుర్రి. ఫిలిప్పీన్స్‌ల 117 మంది ఎగ్జిమా పిల్లల మీద 8 వారాలు పరీక్ష జేసి 2014ల అచ్చేసిండ్రు. కొందరికి పచ్చి కొబ్బరి నుంచి తీసిన నూనె, కొందరికి మినరల్ ఆయిల్ రాసిండ్రు. కొబ్బరినూనె రాసిన పిల్లలకే ఎక్కువ నయం కనబడ్డది. మన అవ్వలు స్నానం పోసినంక ఒళ్లు తడి ఆరకముందే నూనె రాస్తుండిరి కదా, ఆ పద్ధతి సక్కటిది. నీళ్లు గోరువెచ్చగ ఉండాలె, సబ్బు తక్కువ వాడాలె, తడి ఉండంగనే నూనెనో వ్యాజిలినో రాయాలె, మెత్తటి నూలు బట్ట తొడగాలె, గోర్లు కత్తిరించాలె. ఇండ్ల వింత మూలిక ఏం లేదు, అందుకే దీని మీద ఎవ్వడూ వీడియో చెయ్యడు.

వేపాకు ఉడకబెట్టిన నీళ్లతో స్నానం చేస్తే చాలామందికి నష్టం లేదు, కొందరికి హాయిగ ఉంటది. అంతవరకే. వేపనూనె మాత్రం చంటిపిల్లలకు నోట్ల పొయ్యొద్దు. అది తాగి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొచ్చిన పిల్లల సంగతి వైద్య పత్రికలల్ల రాసి ఉన్నది. పసుపు పుండు మాన్పుతదని అమెరికా యూనివర్సిటీ ఒకటి 1995ల పేటెంట్ తీసుకుంటే, మన సీఎస్ఐఆర్ కొట్లాడి 1997ల దాన్ని రద్దు చేయించింది. అది మనం గర్వపడాల్సిన ముచ్చటే. కానీ పేటెంట్ కొట్లాట గెలిచినంత మాత్రాన పసుపు ఎగ్జిమాను నయం చేస్తదని రుజువు కాదు. పసుపే పడక ఒళ్లు ఎర్రబారేటోళ్లు కూడా ఉన్నరు.

ఇగ పక్కా వద్దనేటివి కొన్ని ఉన్నయి. జిల్లేడు పాలు తోలును కాలుస్తయి, కంట్లె పడితే చూపుకే ముప్పు. వెల్లుల్లి దంచి కట్టు కడితే నిప్పు తగిలినట్టు బొబ్బలొస్తయి. నిమ్మరసం రాసుకుని ఎండకు పోతే ఆ జాగ కమిలి నల్లబడ్తది. పగిలిన తోలు మీద సున్నం పెట్టుడంటే ఇగ చెప్పుడే అక్కర్లేదు. మొక్క నుంచి వచ్చిందంటే మంచిదే అనుకునుడు ఎట్లుంటదంటే, పాము కూడా ప్రకృతిలనే పుట్టింది కదా అన్నట్టుంటది.

అసలు డబ్బా కాడికి వద్దాం. 1999ల లండన్‌ డాక్టర్లు మూలికల క్రీములని అమ్ముతున్న 11 క్రీములు పరీక్ష జేస్తే 8 క్రీములల్ల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ దొరికింది. 2003ల బర్మింగ్‌హామ్ పిల్లల దవాఖానోళ్లు 24 క్రీములు చూస్తే 20 క్రీములల్ల స్టెరాయిడే. రెండు రోజులల్ల దురద తగ్గుడు వెనక మర్మం గిదే. స్టెరాయిడ్ అంటేనే విషమని కాదు. డాక్టరు చెప్పిన బలం, చెప్పినన్ని రోజులు వాడితే ఎగ్జిమాకు అదే మంచి మందు. దానికి భయపడి అసలే మానేసి పిల్లను రాత్రంతా గోక్కోనిచ్చుడు కూడా తప్పే. కానీ ఏ స్టెరాయిడో, ఎంత బలమైందో తెలువకుంట నెలల తరబడి ముఖానికి రాస్తే తోలు పల్చబడ్తది, రక్తనాళాలు పైకి తేలుతయి, ఆపంగనే ముఖం భగ్గుమంటది. అసలు రోగం తామర అయితే ఇంకా అన్యాయం. దురద తగ్గుతది, బూజు మాత్రం లోపల్లోపల పాకుతది, ఆఖరికి డాక్టరు కూడా గుర్తుపట్టలేనట్టు మారుతది.

ఆన్‌లైన్ డబ్బాల కథ ఇట్లుంటే, ఊరి మెడికల్ షాపు ఏమన్నా తక్కువనా? 2018 మార్చిల కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ కింద పెట్టింది. అంటే డాక్టరు చీటీ లేకుంట అమ్మొద్దు. ఇయ్యాల ఏ మండల కేంద్రంల అయినా పోయి 'దురదకు ట్యూబియ్యి అన్నా' అని అడిగి చూడుర్రి, చీటీ అడిగేటోళ్లు ఎందరున్నరో మీకే తెలుస్తది.

చట్టం సంగతి ఇంకింత చిత్రంగుంటది. 1954ల వచ్చిన మందులు, మంత్ర వైద్యాల ప్రకటనల చట్టంల, ఫలానా రోగాలు నయం చేస్తమని ప్రచారం చెయ్యొద్దని ఒక పట్టిక ఉన్నది. దాంట్ల 54 రోగాలున్నయి. బొల్లి ఉన్నది, కుష్ఠు ఉన్నది, ఎగ్జిమా మాత్రం లేదు. అట్లని వాళ్లకు ఇష్టమొచ్చినట్టు చెప్పుకునే హక్కు లేదు. అదే చట్టంల నాలుగో సెక్షన్ ఏ మందు గురించి అయినా అబద్ధపు ప్రకటన ఇచ్చుడు నేరమంటది. ఇది చాలామందికి తెలువదు.

2018 డిసెంబర్‌ల ఆయుర్వేద, సిద్ధ, యునాని మందులకు 170 అనే నిబంధన తెచ్చిండ్రు. ప్రకటన ఇచ్చే ముందే రాష్ట్ర లైసెన్సు అధికారి అనుమతి కావాలె. కంపెనీలు కోర్టులకెక్కినయి. 2024 జులైల ఆయుష్ శాఖ ఆ నిబంధననే తీసేసింది. పతంజలి ప్రకటనల కేసుల సుప్రీంకోర్టు ఆగస్టుల దాన్ని ఆపింది. 2025 ఆగస్టుల ఆ కేసు మూతపడ్డది, ఆపిన ఉత్తర్వు కూడా పోయింది. అంటే ఇప్పుడు ప్రకటన అచ్చయ్యే ముందు అడిగేటోడు లేడు, అచ్చయినంక ఎవలో ఒకరు ఫిర్యాదు చేస్తేనే కదులుతరు. టీవీల కనిపించే పెద్ద కంపెనీ మీదనన్నా కేసు పెట్టొచ్చు. అడ్రసే లేని వాట్సప్ డబ్బా మీద ఎవరి పేరు రాసి కేసు పెడ్తరు? నా లెక్కల ఆ నిబంధన తీసేసుడు తప్పు. నిజమైన ఆయుర్వేద వైద్యులకు కూడా దాంతోని నష్టమే, ఎందుకంటే దొంగ డబ్బా పేరు చెడగొట్టేది వాళ్లదే.

ఇంకో మాట ఎవ్వరూ అంటలేరు. పెద్దోళ్లకొచ్చే ఎగ్జిమాల చానా మటుకు పనిల నుంచి వస్తది. సిమెంటు కలిపే మేస్త్రీల చేతులు చూడుర్రి, సిమెంటుల ఉండే క్రోమియం పడక పగులుతయి. యూరప్‌ల 2005 నుంచి ఆ క్రోమియం పది లక్షల పాళ్లకు రెండు పాళ్లు దాటొద్దని కట్టడి ఉన్నది. ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే అది తగ్గుతది, పెద్ద ఖర్చేం కాదు. చెల్కల కలుపు తీసే ఆడోళ్లకు వయ్యారి భామ, అదే కాంగ్రెస్ గడ్డి, దాని పుప్పొడితోని మొఖం, మెడ, చేతులు ఎర్రగ మందమైతయి. గిన్నెలు తోమే చేతులకు సబ్బు నీళ్లు. వీళ్లు రాత్రి ఎంత వేపాకు రాసినా, పొద్దున లేచి మళ్ల అదే సిమెంటుల, అదే గడ్డిల చెయ్యి పెడ్తరు. చేతికి తొడుగు, పనైనంక కడుక్కోను మంచినీళ్లు మేస్త్రీనో ఆసామో ఇయ్యాలె. అది అడుగుతే కూలి పోతదని ఎవ్వరూ నోరిప్పరు, అందుకే డబ్బా అమ్ముడువోతది.

ఇంట్ల ఎవలికన్నా మచ్చల మీద పసుపుపచ్చ పెచ్చులు కట్టినా, చీము పట్టినా, జరమొచ్చి నొప్పితోని నీటి బొబ్బలు లేసినా వీడియోలు పక్కన పెట్టి ఆ రోజే దవాఖానకు తీస్కపోవాలె. ఇంతకుముందు వాడిన డబ్బా, ట్యూబు పారెయ్యకుర్రి, ఎంబడి పట్టుకపోయి డాక్టరుకు చూపెట్టుర్రి. పేరు, లైసెన్సు నంబరు లేని డబ్బా అయితే ఫోటో తీసి, పైసలు కొట్టిన రసీదుతోని జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగ ఇయ్యుర్రి, తీసుకున్నట్టు సంతకం అడుగుర్రి. సర్కారు దవాఖానల చర్మ డాక్టరు ఏ దినం కూసుంటడో పంచాయతీ గోడ మీద రాయమని కూడా అడుగుర్రి. చానా ఊర్లల్ల ఆ దినం ఎవలికీ తెలువదు, ఆర్ఎంపీ ఇంటి నంబరు మాత్రం అందరికీ నోటికొస్తది.